పుండుతో పదహారేళ్లు: సిగ్మండ్ ఫ్రాయిడ్ జీవితం

మనసులో అణగి ఉన్న మాటను పైకి రప్పించడమే చికిత్స అని లోకానికి బోధించిన వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. రోగి తన బాధను తన నోటితోనే చెప్పుకోవాలి, వైద్యుడు ఓపికతో వినాలి అన్నది ఆయన స్థాపించిన మనోవిశ్లేషణ శాస్త్రానికి మూలసూత్రం. అటువంటి వైద్యుని నోటిలోనే 1923లో రాచపుండు బయటపడింది. చూసిన వైద్యులు దానిని గుర్తుపట్టారు. కొద్ది నెలలకే ముఖ్యశిష్యులకూ తెలిసింది. తెలియనీయనిది రోగి ఒక్కడికే.

ఆ వ్యాధితో ఆయన పదహారేళ్లు బ్రతికాడు. ముప్పైకి పైగా శస్త్రచికిత్సలు చేయించుకున్నాడు. కుడివైపు అంగిలిని, దవడలో కొంత భాగాన్ని పోగొట్టుకుని, వాటి స్థానంలో అమర్చిన కృత్రిమ అంగిలితోనే మాట్లాడాడు, తిన్నాడు, రోగులను చూశాడు, గ్రంథాలు రచించాడు. ఏ శస్త్రచికిత్స ఎవరి చేత ఎంతవరకు జరిగింది, ఏ నిజం ఎప్పుడు చెప్పారు, ఏది దాచారు అనే వాటిమీద ఆయన ఆయుష్షూ బాధా రెండూ ఆధారపడ్డాయి. పొగాకు అలవాటున్న ప్రతి కుటుంబం తెలుసుకోదగిన చరిత్ర ఇది.

బాల్యం, విద్య

ఫ్రాయిడ్ 1856 మే 6వ తేదీన ఆనాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని మొరేవియా సీమలో ఫ్రైబర్గ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. నేడు ఆ ఊరు చెక్ దేశంలో ఉంది. ఊరివారి భాష చెక్. యూదులైన ఫ్రాయిడ్ కుటుంబీకుల భాష జర్మన్. తండ్రి యాకోబ్ ఉన్ని వర్తకుడు. వ్యాపారం దెబ్బతినగా ఆ కుటుంబం ఊరు విడిచి, 1860లో రాజధాని వియన్నాకు చేరి స్థిరపడింది. ఆ నగరంలోనే ఫ్రాయిడ్ 78 సంవత్సరాలు నివసించాడు.

1873లో వియన్నా విశ్వవిద్యాలయంలో చేరి, 1881లో వైద్యపట్టా పొందాడు. మరుసటి ఏడు వియన్నా జనరల్ హాస్పిటల్లో ఉద్యోగానికి కుదిరాడు. అక్కడ పని చేస్తున్న కాలంలోనే, 1884లో, కొకెయిన్ అనే మందుపై ఒక పరిశోధనా వ్యాసం ప్రకటించాడు. ఆ మందు తగిలిన చోట స్పర్శ పోతుందన్న సంగతిని ఆయన గమనించాడు గాని దానిని చివరిదాకా పరీక్షించలేదు. ఆయన మిత్రుడైన కార్ల్ కోలర్ అదే ఏడాది ఆ గుణాన్ని కంటి శస్త్రచికిత్సలో వినియోగించి చూపి, స్థానిక మత్తు విధానానికి ఆద్యుడుగా పేరు పొందాడు. రోగికి స్పృహ ఉండగానే నొప్పి తెలియకుండా శరీరాన్ని కోయవచ్చునన్న ఆ మార్గం దాదాపు నలభై ఏళ్ల తర్వాత ఫ్రాయిడ్ నోటికే అవసరపడింది.

1885లో పారిస్ వెళ్లి, నరాల వ్యాధుల నిపుణుడు షార్కో వద్ద కొన్ని నెలలు శిష్యరికం చేశాడు. 1886లో మార్తా బెర్నైస్‌ను వివాహమాడి, స్వంతంగా వైద్యవృత్తి ప్రారంభించాడు. వారికి ఆరుగురు సంతానం. కడగొట్టు బిడ్డ ఆన్నా 1895లో పుట్టింది. 1891 నుండి బెర్గాసె వీధిలోని 19వ నంబరు ఇల్లే నివాసమూ వైద్యశాలా అయింది. కలలకు అర్థం చెప్పే ఆయన ప్రసిద్ధ గ్రంథం 1900 సంవత్సరం ముద్రతో వెలువడింది. క్రమంగా ఆయన శిష్యబృందం యూరప్, అమెరికా దేశాలకు విస్తరించింది. 1922లో కలకత్తాలో గిరీంద్రశేఖర బోస్ భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి ఫ్రాయిడ్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపాడు. 1931లో ఆయన 75వ జన్మదినానికి ఆ సంఘం పంపిన దంతపు విష్ణుమూర్తి విగ్రహం ఫ్రాయిడ్ బల్లపైన చోటు సంపాదించుకుంది.

చుట్టతో చెలిమి

ఫ్రాయిడ్‌కు పొగ అలవాటు ఇరవై నాలుగో ఏట మొదలైంది. తొలుత సిగరెట్లు, ఆ తర్వాత పూర్తిగా చుట్టలు. రోజుకు ఇరవై చుట్టలు కాల్చడం ఆయనకు మామూలు. తండ్రి కూడా పొగ తాగేవాడే. చుట్ట లేనిదే తన మెదడు పని చేయదని, రాత సాగదని ఫ్రాయిడ్ గట్టిగా నమ్మాడు. 1890 దశకంలో గుండె దడ వచ్చినపుడు బెర్లిన్‌లో ముక్కు, గొంతు వైద్యుడైన మిత్రుడు విల్హెల్మ్ ఫ్లీస్ పొగ మానవలసిందిగా పదేపదే హెచ్చరించాడు. ఫ్రాయిడ్ కొద్దికాలం మానడం, తట్టుకోలేక మళ్లీ మొదలు పెట్టడం జరిగాయి. ఇతరుల అలవాట్లకు మూలాలను వెదకి తీసిన మనిషి తన అలవాటు ముందు ఓడిపోయాడు.

1917లోనే అంగిలిపై నొప్పితో కూడిన ఒక వాపు కనిపించి తగ్గింది. 1923 ఫిబ్రవరిలో కుడివైపు అంగిలి, దవడ ప్రాంతంలో ఒక పెరుగుదలను ఆయన స్వయంగా గమనించాడు. తాను వైద్యుడే, పొగ తాగేవారి నోటిలో ఏర్పడే తెల్లమచ్చ గురించి ఎరిగినవాడే. అయినా రెండు నెలలపాటు ఎవరికీ చూపలేదు. చూపితే చుట్ట మానమంటారన్న భయం అందుకు ఒక కారణం.

మొదటి కోత

ఏప్రిల్‌లో చర్మవైద్యుడు స్టైనర్, కుటుంబ వైద్యుడు ఫెలిక్స్ డాయిష్ ఆ నోటిని పరీక్షించారు. అది క్యాన్సర్ అని ఇద్దరికీ తోచింది. ఇద్దరూ తెల్లమచ్చేనని చెప్పి, తీయించుకుంటే మంచిదని మాత్రం సలహా ఇచ్చారు. డాయిష్ ఆ విధంగా దాచడానికి ఆయన దృష్టిలో కారణాలున్నాయి. ఫ్రాయిడ్ గుండె బలహీనంగా ఉంది. వృద్ధురాలైన తల్లి జీవించి ఉంది. పైగా తీరని బాధే రాసిపెట్టి ఉంటే గౌరవంగా లోకం విడిచేందుకు సాయపడమని ఫ్రాయిడ్ ముందుగానే అడిగాడు. ఆ మాటను వైద్యుడు ఆత్మహత్య తలంపుగా గ్రహించి భయపడ్డాడు.

ఫ్రాయిడ్ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, ముక్కు, గొంతు శస్త్రవైద్యంలో ప్రసిద్ధుడైన మార్కస్ హాయెక్ వద్దకు వెళ్లాడు. కొద్దిసేపటిలో ముగిసి, అదే రోజు ఇంటికి చేరవచ్చునన్న చిన్న కోతగా అది మొదలైంది. అనుకోని విధంగా రక్తస్రావం జరిగింది. ఆసుపత్రి వారు ఇంటికి కబురు పెట్టగా భార్య, కుమార్తె ఆన్నా పరుగున వచ్చి, నెత్తురంటిన బట్టలతో మామూలు కుర్చీలో కూర్చుని ఉన్న ఫ్రాయిడ్‌ను చూశారు. ఆయనను ఒక చిన్న గదిలో పడుకోబెట్టారు. అదే గదిలో మరుగుజ్జు, మందబుద్ధి అయిన మరొక రోగి ఉన్నాడు. మధ్యాహ్నవేళ బంధువులను బయటికి పంపివేసిన సమయంలో మళ్లీ రక్తం ధారకట్టింది. ఫ్రాయిడ్ నోరు పెగలదు. పిలుపుగంట మోగలేదు. ఆ మరుగుజ్జు రోగి పరుగెత్తి నర్సును పిలుచుకు రావడంతో రక్తం ఆపగలిగారు. ప్రపంచ ప్రఖ్యాతుడైన వైద్యుని ప్రాణం ఆనాడు పేరు కూడా చరిత్రకెక్కని ఒక తోటిరోగి చలవవల్ల నిలిచిందని చెప్పవచ్చు. ఆన్నా ఆ రాత్రంతా తండ్రి ప్రక్కనే కూర్చుని, అక్కడినుండి కదలనని పట్టుపట్టింది.

తీసిన కండను పరీక్షించగా క్యాన్సర్ అని తేలింది. ఆ ఫలితాన్నీ రోగికి తెలియజేయలేదు. ఎక్స్‌రే చికిత్స, రేడియం చికిత్స జరిపించారు. వట్టి తెల్లమచ్చకు ఇంత చికిత్స ఎందుకన్న అనుమానం ఆయనకు కలగకపోలేదు. కాని మాట దాచిన చోట ప్రశ్న కూడా సగంలోనే ఆగిపోతుంది. చుట్టూ ఆరోగ్యకరమైన కండతో సహా వ్యాధిని సమూలంగా తొలగించవలసిన చోట మొదటి కోత పైపైనే ముగిసింది. రెండో శస్త్రచికిత్సకు రోగిని సిద్ధపరచాలంటే నిజం చెప్పాలి. ఆ నిజం చెప్పడానికి ఎవరూ ముందుకు రానందున అయిదు నెలలు గడిచిపోయాయి.

మనవడి మరణం

ఆ వేసవిలోనే ఫ్రాయిడ్‌కు మరొక దెబ్బ తగిలింది. ఆయన కుమార్తె సోఫీ 1920లో ఇన్‌ఫ్లూయెంజాతో మరణించింది. ఆమె రెండో కొడుకు, నాలుగున్నరేళ్ల హైనెలె, వియన్నాలో పెరుగుతున్నాడు. తాతకు నోటిలో కోత పడిన రోజుల్లోనే మనవడికి గొంతులో టాన్సిల్స్ తీశారు. ఇద్దరూ కలుసుకున్నపుడు తాను గట్టి రొట్టెఅంచును నమిలి తినగలుగుతున్నానని చెప్పి, తాతకు కూడా అది చేతనవుతున్నదా అని ఆ పసివాడు అడిగాడట. 1923 జూన్ 19న ఆ బిడ్డ క్షయవ్యాధితో కన్నుమూశాడు. ఫ్రాయిడ్ కన్నీరు కార్చడం దగ్గరివారు ఎరిగినంతలో అదొక్కసారే. తన నోటి వ్యాధికంటె ఆ మరణమే తనలోని ఉత్సాహాన్ని చంపిందని ఆయన తర్వాతి కాలంలో ఒప్పుకున్నాడు.

ఆగస్టులో ఇటలీ ఉత్తరాన కొండ ప్రాంతంలో ముఖ్యశిష్యులు సమావేశమయ్యారు. డాయిష్ వారికి అసలు విషయం వెల్లడించాడు. గురువుకు చెప్పాలా వద్దా, శస్త్రచికిత్సకు ఎలా ఒప్పించాలి అన్న చర్చ జరిగింది. చెప్పకూడదనే నిర్ణయానికి వచ్చారు. ఆన్నాకు రోమ్ నగరం చూపాలన్న తండ్రి కోరికను మాత్రం అడ్డుకోలేదు. సెప్టెంబరులో తండ్రీకూతుళ్లు రోమ్ బయలుదేరారు. రైలులో ఉదయపు ఫలాహార సమయాన ఫ్రాయిడ్ నోటినుండి రక్తం చిమ్మింది. ఇక దాచడానికి చోటు లేదు. అయినా ఆయన రోమ్‌లో ప్రతి కట్టడాన్నీ కూతురికి వివరంగా చూపించి, ఆ తర్వాతే వెనుదిరిగాడు.

ఆ సమావేశంలో జరిగిన సంగతి ఎన్నో ఏళ్లకు శిష్యుడు ఎర్నెస్ట్ జోన్స్ నోట విన్నపుడు, ఏ హక్కుతో తనకు చెప్పక దాచారని ఫ్రాయిడ్ మండిపడ్డాడు. డాయిష్ కూడా ఆయన విశ్వాసాన్ని కోల్పోయి, వ్యక్తిగత వైద్యుని స్థానం విడువవలసి వచ్చింది. దాచినందుకే కోపం, వ్యాధి వచ్చినందుకు ఆయన ఎవరినీ నిందించలేదు.

పిహ్లర్ చేతిలో

సెప్టెంబరు చివర డాయిష్ సూచనమేరకు హాన్స్ పిహ్లర్ అనే శస్త్రవైద్యుడు రంగంలోకి వచ్చాడు. పిహ్లర్ చికాగోలో దంతవైద్యం అభ్యసించినవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో దవడలు ఛిద్రమైన సైనికులకు చికిత్స చేసి అనుభవం గడించినవాడు. ఏమి తొలగించాలన్నదే కాక, తొలగించిన తర్వాత రోగి ఎలా తింటాడు, ఎలా మాట్లాడతాడు అన్నదీ ముందే ఆలోచించే పద్ధతి ఆయనది.

పిహ్లర్ ఆ పనిని రెండు దశలుగా విభజించాడు. 1923 అక్టోబరు 4న మెడలో పైకి పోయే రక్తనాళాన్ని కట్టివేసి, దవడ కింది గ్రంథులను తొలగించాడు. రెండో కోతలో రక్తస్రావం తగ్గాలన్నది, వ్యాధి మెడలోకి పాకిందేమోనన్న అనుమానం తీరాలన్నది ఇందులోని ఉద్దేశాలు. అక్టోబరు 11న పెదవినీ చెంపనూ చీల్చి, కుడివైపు పై దవడలో అధికభాగాన్ని, అంగిలిని, కింది దవడలో కొంత ఎముకను, చెంప లోపలి పొరను తీసివేశాడు. ఇదంతా స్థానిక మత్తులోనే జరిగింది. నవంబరు 12న పరీక్షకు పంపిన ముక్కలో మళ్లీ క్యాన్సర్ ఛాయ కనబడగా పిహ్లర్ జంకలేదు, దాచలేదు. రోగికి స్పష్టంగా చెప్పి, అదే రోజు మరింత లోతుగా కోసి తొలగించాడు.

మొదటి శస్త్రచికిత్సకూ ఈ శస్త్రచికిత్సకూ ఉన్న వ్యత్యాసమే ఫ్రాయిడ్ జీవితంలోని తర్వాతి భాగాన్ని నిర్ణయించింది. ఆ నవంబరు నుండి 1936 వరకు నిర్ధారితమైన క్యాన్సర్ ఆయన నోటిలో తిరిగి కనిపించలేదు. అప్పటికి ఆయన వయస్సు 67. అంతటి శస్త్రచికిత్సను ఆ వయస్సులో, రోగక్రిములను చంపే యాంటిబయాటిక్ మందులు ఇంకా రాని కాలంలో తట్టుకోవడమే విశేషం.

కృత్రిమ అంగిలితో కాపురం

ప్రాణం దక్కింది గాని మూల్యం తక్కువ కాదు. అంగిలి లేకపోవడంతో నోరూ ముక్కూ ఒకటే గుహ అయ్యాయి. తాగిన నీరు ముక్కులోకి పోతుంది; మాట అర్థం కాదు. ఆ రంధ్రాన్ని మూయడానికి కట్టుడు పళ్లవంటిదే అయినా చాలా పెద్దదైన కృత్రిమ అంగిలిని అమర్చారు. దానిని బిగువుగా పెడితే పుండ్లు పడేవి. వదులుగా పెడితే మాటా తిండీ సాగేవి కావు. రోజూ తీసి శుభ్రం చేయాలి. నోరు పూర్తిగా తెరుచుకోదు కనుక తిరిగి పెట్టడం ఒక యాతన. ఒకసారి తండ్రీకూతుళ్లు అరగంట ప్రయత్నించినా అది లోపలికి పోకపోవడంతో శస్త్రవైద్యుని పిలిపించవలసి వచ్చింది. ఇంటివారు దానికి రాక్షసి అని పేరు పెట్టారు.

ఈ సేవ అంతా ఆన్నా చేతిమీదుగా జరిగింది. తండ్రి మొదటే ఒక షరతు పెట్టాడు. జాలి చూపకూడదు, కంటతడి పెట్టకూడదు, శస్త్రవైద్యుడు చేసినట్టే నిర్వికారంగా చేయాలి. ఆమె చివరివరకు ఆ మాటకు కట్టుబడింది. అవివాహితగా ఉండిపోయి, తండ్రికి నర్సుగా, కార్యదర్శిగా, రాయబారిగా నిలిచింది. తర్వాతి కాలంలో పిల్లల మనోవైద్యంలో స్వయంగా గొప్ప పేరు సంపాదించింది.

కుడిచెవి వినికిడి క్రమంగా పోయింది. రోగులు చెప్పేది వినడమే వృత్తిగా గల ఫ్రాయిడ్ తన కుర్చీనీ రోగులు పడుకునే సోఫానూ ఎడమచెవికి అనుకూలంగా మార్చుకుని, వృత్తి మానకుండా కొనసాగించాడు. గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారింది. 1922 తర్వాత ఆయన ఏ మహాసభలోనూ ప్రసంగించలేదు. 1930లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం గోథె బహుమతి ప్రకటించినపుడు ఆయన రాసిన ప్రసంగాన్ని ఆన్నాయే వెళ్లి చదివింది. పరులముందు భోజనం చేయడానికి ఆయన సంకోచించేవాడు. అయినా నాగరికతపై, మానవుల అసంతృప్తిపై ఆయన రచించిన ప్రసిద్ధ గ్రంథాలు ఈ కాలంలోనివే. ఆలోచన మసకబారుతుందన్న కారణంతో బలమైన నొప్పిమందులను నిరాకరించి, ఆస్పిరిన్‌తోనే సరిపెట్టుకున్నాడు.

1931లో అమెరికా నుండి వియన్నా వచ్చిన దవడ శస్త్రవైద్య ప్రవీణుడు కజాంజియన్ చేత కొత్త అంగిళ్లు చేయించారు. ఖర్చు ఎంతో అయింది. సుఖం కొంతే దక్కింది. ఇంత జరిగినా ఫ్రాయిడ్ చుట్ట మానలేదు. దవడలు తెరుచుకోనపుడు బట్టలకు పెట్టే క్లిప్పుతో పళ్లను ఎడం చేసి, చుట్టను ఇరికించుకునేవాడని చెబుతారు. పొగ తగిలిన చోటల్లా కొత్త తెల్లమచ్చలు లేచేవి. పిహ్లర్ వాటిని క్యాన్సర్‌గా మారకముందే తీసివేసేవాడు, కరెంటుతో కాల్చేవాడు. పదమూడేళ్లలో జరిగిన అనేక కోతలు ఈ కోవకు చెందినవే. పిహ్లర్ ప్రతి సందర్శనకూ వివరంగా రాసుకున్న నమోదు పత్రాలు నేటికీ వైద్యచరిత్రలో విలువైన ఆధారం.

శూర్‌తో ఒప్పందం

1929లో మాక్స్ శూర్ అనే యువవైద్యుడు ఫ్రాయిడ్ వ్యక్తిగత వైద్యుడయ్యాడు. ఆయనను సూచించినది శిష్యురాలు మేరీ బోనపార్ట్. మొదటి కలయికలోనే ఫ్రాయిడ్ రెండు విషయాలు కోరాడు. ఎప్పుడూ నిజమే చెప్పాలి. కాలం వచ్చినపుడు అకారణంగా బాధపడనీయకూడదు. శూర్ రెండింటికీ అంగీకరించి చేతిలో చేయి వేశాడు. అయిదారేళ్ల క్రితం పోయిన నమ్మకం ఆ కరచాలనంతో తిరిగి వచ్చింది. అప్పటినుండి ప్రతి మచ్చ సంగతీ, ప్రతి పరీక్షాఫలితమూ రోగికి తెలుస్తూనే వచ్చాయి. నిజం తెలిసిన ఆ పదేళ్లలో ఫ్రాయిడ్ ధైర్యం కోల్పోలేదు, చికిత్స మానుకోలేదు, ప్రాణం తీసుకోవాలని తలపెట్టలేదు. 1923లో డాయిష్ పడిన భయం నిరాధారమని ఆ విధంగా తేలిపోయింది.

1936 జూలైలో తీసిన ముక్కలో పదమూడేళ్ల తర్వాత మళ్లీ క్యాన్సర్ కనబడింది. ఆ మాట కూడా ఆయనకు నేరుగా తెలియజేశారు.

పరదేశంలో చివరి నెలలు

1938 మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించాయి. నాజీ రహస్య పోలీసులు ఆన్నాను ఒకరోజు పట్టుకుపోయి ప్రశ్నించారు. మేరీ బోనపార్ట్, జోన్స్, అమెరికా రాయబారి బుల్లిట్ మొదలైనవారి ప్రయత్నంతో, భారీ పన్ను చెల్లించి, జూన్ 4న ఫ్రాయిడ్ వియన్నా విడిచి లండన్ చేరాడు. అక్కడే ఉండిపోయిన నలుగురు చెల్లెళ్లు తర్వాత నాజీ శిబిరాలలో మరణించారు.

సెప్టెంబరు 8న పిహ్లర్ స్వయంగా లండన్ వచ్చి, మళ్లీ పెదవి చీల్చి పెద్ద శస్త్రచికిత్స చేశాడు. 1923 తర్వాత అంత పెద్ద కోత అదే. 1939 ఆరంభంలో వ్యాధి కంటి దిక్కుగా, చేయి చొరని చోటికి వ్యాపించింది. పారిస్ రేడియం సంస్థ నుండి లకస్సాన్య్ వచ్చి చూశాడు. ఇక కోత వలన ప్రయోజనం లేదని వైద్యులు నిర్ణయించి, రేడియేషన్‌కు పరిమితమయ్యారు. అమెరికా వలసపత్రాల కోసం కొన్ని నెలలు దూరమైన శూర్ జూలైలో తిరిగి వచ్చేసరికి రోగి బాగా క్షీణించాడు. ఆగస్టు 1న ఫ్రాయిడ్ తన వైద్యశాలను మూసివేశాడు. చెంప చిల్లుపడి దుర్గంధం వ్యాపించింది. ఈగలు ముసరకుండా మంచానికి దోమతెర కట్టారు. ఎంతో ప్రేమించిన పెంపుడు కుక్క కూడా ఆ వాసనకు దగ్గరికి రాలేక గదిమూలకు ఒదిగింది. ఆయన చివరగా చదివినది బాల్జాక్ నవల. కోరిక తీరినకొద్దీ కుంచించుకుపోయే తోలు కథ అందులోని వస్తువు.

సెప్టెంబరు 21న శూర్ చేయి పట్టుకుని పాత ఒప్పందాన్ని గుర్తుచేశాడు. ఆన్నాకు చెప్పమని కోరాడు. ఆమె మొదట తటపటాయించి, చివరకు తల వంచింది. శూర్ మార్ఫిన్ ఇచ్చాడు. 1939 సెప్టెంబరు 23 తెల్లవారుజామున, 83వ ఏట ఫ్రాయిడ్ నిద్రలోనే తుదిశ్వాస విడిచాడు.

ఆ పదహారేళ్లు చెప్పేది

ఆ పుండు నెమ్మదిగా పెరిగే రకమై ఉండవచ్చునని, అంతకాలం బ్రతకడానికి అదీ ఒక కారణమని తర్వాతి వైద్యులు కొందరు భావించారు. అయినప్పటికీ పిహ్లర్ ఎంపికలు ఈనాటి వైద్యానికీ దూరమైనవి కావు. వ్యాధి చుట్టూ ఆరోగ్యకరమైన కండతో సహా తొలగించడం, మెడ గ్రంథులను పట్టించుకోవడం, ఆ తర్వాత విడవకుండా పరీక్షించడం నేటికీ నోటి క్యాన్సర్ చికిత్సకు ఆధారాలు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 2015లో ప్రకటించిన పరిశోధనలో, తొలిదశ నోటి క్యాన్సర్ రోగులకు మొదటి శస్త్రచికిత్సలోనే మెడ గ్రంథులను కూడా తీసినపుడు మూడేళ్ల తర్వాత 80 శాతం మంది జీవించి ఉండగా, గ్రంథులు ఉబ్బేవరకు వేచి చూసిన వారిలో 67.5 శాతం మందే జీవించి ఉన్నారు. ఎముకను, కండను శరీరంలో మరొక చోటినుండి తెచ్చి దవడను పునర్నిర్మించే పద్ధతులు ఫ్రాయిడ్ కాలానికి లేవు, ఇప్పుడు ఉన్నాయి. కృత్రిమ అంగిలి కూడా ఎంతో తేలికపడింది.

అంగిలి క్యాన్సర్ తెలుగువారికి అపరిచితం కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరగ్రామాలలోనూ ఒడిశా సరిహద్దు పల్లెలలోనూ ఆడవారు చుట్ట నిప్పుకొనను నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు తరతరాలుగా ఉంది. ఆ వేడికీ పొగకూ ముందు తెల్లబడేది అంగిలే. పుండు మొదలయ్యేదీ అక్కడే. రెండు మూడు వారాలలో మానని పుండునూ చెరిగిపోని తెల్లమచ్చనూ వైద్యునికి చూపించడానికి ఫ్రాయిడ్ పోగొట్టుకున్న రెండు నెలలు ఎవరూ పోగొట్టుకోనవసరం లేదు.

పెద్దవారికి క్యాన్సర్ అని తేలినపుడు ఆ మాట వారి చెవిన పడనీయవద్దని బంధువులు వైద్యుని బ్రతిమాలడం మన ఇళ్లలో నేటికీ ఉన్నదే. అందులోని ప్రేమను ఎవరూ శంకించరు. డాయిష్‌కు, శిష్యులకు ఫ్రాయిడ్‌పై ఉన్న ప్రేమ కూడా తక్కువైనది కాదు. అయినా ఆ ప్రేమ దాచిన అయిదు నెలలలో పుండు పెరిగింది. నిజం చెప్పిన పిహ్లర్, శూర్‌ల చేతులలో రోగి పదహారేళ్లు నిలిచాడు.